సుబ్బరత్నమ్మ కొట్టేయించిన లైను

రా అబ్బీ, లోపలికి రా. చెప్పులు ఆడనే ఇడుసు. ఆ కుర్చీ వద్దు, దాని కాలు కదుల్తాండాది, ఈ పక్కది లాక్కో. వీరేష్ పొద్దున్నే ఫోన్ చేసినాడులే. 'అన్నా, చంద్రమోహన్ కొడుకు అభిలాష్‌ను పంపిస్తాండా, దానపత్రం డ్రాఫ్టు ఉండాది, ఒక్క లైను కాడ తకరారు పడింది, నువ్వు కొట్టెయ్యమంటే కొట్టేస్తా, లేకుంటే లేదు' అన్నాడు. వాడు నా కింద పదైదేండ్లు టైపు కొట్టినోడు. ఇప్పుడు రిజిస్ట్రాఫీసు ఎదురుగ్గా సొంత అంగడి, రెండు కంప్యూటర్లు, ఏసీ, అన్నీ ఉండాయి. నేను పెన్ను మూసి ఎనిమిదేండ్లాయె. అయినా ఆ లైను కాడికి వచ్చేసరికి వానికి ఈ ముసిలోడు గుర్తొస్తాడు. ఎందుకు గుర్తొస్తాడో వానికి తెలుసు, నాకు తెలుసు. నీకు తెలీదు. ఇట్లియ్యి పేపరు. కండ్లద్దాలు యాడ పెట్టినానో... ఆ, ఈడనే.

'దాత అయిన చంద్రమోహన్ గారు తన కుమారుడు, గ్రహీత అయిన అభిలాష్‌కు ప్రేమాభిమానములతో...' ఇది సరే, ఇది అందరికీ రాసేదే. సర్వే నంబరు, హద్దులు, తూర్పున వంక, ఇదీ సరే. ఇదిగో, ఇదే గదా నువ్వు వద్దనేది. 'గ్రహీత దాతను ఆయన జీవితాంతము పోషించవలయును, అట్లు పోషించని యెడల ఈ దానము రద్దగును.' బ్యాంకోడు ఒప్పుకోలేదా. ఇట్లాంటి షరతు ఉంటే కోళ్ళఫారానికి లోను ఇయ్యనన్నాడా. వాని భయం వానిది, రేప్పొద్దున మీ నాయన పత్రం రద్దు చేయిస్తే వాడు ఎవరిని పట్టుకోవాల. సరే, నీ పని నీకు ముఖ్యం, నేను కాదనను. మీ నాయన ఏమన్నాడు దీనికి? ఇంకొకసారి చెప్పు, ఈ చెవి సరిగ్గా ఇనపడదు. 'నా కొడుకు నాకు అన్నం పెట్టకుండా పోతాడా, తీసెయ్యమను' అన్నాడా. చంద్రమోహనే అన్నాడా ఆ మాట, ఆ నోటితోనే. నగుతాండానని ఏమీ అనుకోవద్దప్పా. నాకిప్పుడు డెబ్బై తొమ్మిది. ఈ మాట, అక్షరం తేడా లేకుండా, ఇంతకుముందొకసారి నా చెవుల్తో విన్నా. అప్పుడన్నది మీ అవ్వ. సుబ్బరత్నమ్మ. మీ నాయన్ను కన్న తల్లి.

ఆమె ఎట్ల పోయిందని చెప్పినారు నీకు? చిలమత్తూర్లో మీ వనజాక్షత్త ఇంట్లో జరమొచ్చి పోయిందనా. ఊ. నువ్వప్పుడు కదిరిలో ఇస్కూల్లో ఉంటివి, చిన్నపిల్లోడివి, సావుకు గూడా నిన్ను తోడుకోని రాలేదు, చెప్పింది నమ్మినావు. నీ తప్పేమీ లేదు. లేయొద్దు, కూకో. నీ బస్సుకు ఇంకా శానా టైముండాది. నేను చెప్పేది ఇని, ఆ తర్వాత ఈ లైను సంగతి మాట్లాడుకుందాం. నీకు చేదుగా ఉంటాది. నాకు తియ్యగా ఉంటాదనుకోవద్దు.

నువ్వు చూసింది వంగిపోయిన ముసిలిదాన్ని. నేను చూసిన సుబ్బరత్నమ్మ వేరే. వదినా అని పిలుస్తాంటి ఆమెను. మీ తాత పుల్లన్నా నేనూ ఒక బడిలో చదువుకున్నోళ్ళం. ఆమె రొప్పం కాడ నిలబడుకుంటే గొర్లు లోపలికి పోతాంటాయి, ఆమె ఎవురితోనో మాట్లాడుతానే ఉంటాది, మాట్లాడుతా మాట్లాడుతా 'కుంటి పొట్టేలు రాలేదు, పొయ్యి చూడండి' అంటాది. అంత గమనం. పుల్లన్నకేమో రాజకీయం పిచ్చి, ఊర్లో పార్టీలు, కేసులు. కేసులో భూమి జప్తు అయితాదేమోనని ఆ తొమ్మిదెకరాలు, ఇల్లు, అన్నీ ఆమె పేరున కొన్నాడు. పత్రాలు రాసింది నేనే. నా చేతిరాత అప్పుడు చూడాల్సింది అబ్బీ, సబ్ రిజిస్ట్రారు దగ్గరికి పోతే 'రాఘవేంద్రప్ప రాసిందా, చదవక్కర్లేదు' అని ముద్ర వేసేవాళ్ళు. ఇప్పుడేముండాది, కంప్యూటర్లో పాత పత్రం తీస్తారు, పేర్లు మారుస్తారు, అయిపాయె. మొన్నొకాయన పత్రంలో ఆడమనిషి పేరు కాడ 'వీరి మీసములు' అని వచ్చినాదంట, వేలిముద్రలు అనేదానికి. అది వద్దులే. ఏం చెప్తాంటి? ఆ, పుల్లన్న. పుల్లన్న పోయినాక కూడా ఆమె సెనక్కాయ పంట వేసింది, గొర్లు చూసుకుంది, కూతురి పెండ్లి చేసింది. ఒకరి గడపలో మంచినీళ్ళు తప్ప ఇంకోటి ముట్టినామె గాదు. అట్లాంటి మనిషి.

రెండువేల తొమ్మిదిలో మీ నాయన నా దగ్గరికి వచ్చె. 'మామా, బోరుకు కరెంటు కనెక్షను కావాల, బ్యాంకులో పాసుబుక్కు పెట్టాల, అన్నిటికీ అమ్మను తోడుకోని తిరగాల్సొస్తాండాది, నా పేరున రాయించు' అని. అబద్దం చెప్పలేదు వాడు. అప్పుడు వాడు చెడ్డోడు గాదు, అది కూడా చెప్తాండా, మళ్ళీ నేను పగబట్టి మాట్లాడుతాండానని అనుకుంటావు. తల్లికి కాళ్ళనొప్పులంటే ధర్మవరం తోడుకపోయి చూపించేవాడు. నేను మీ అవ్వకు చెప్పినా, 'వదినా, వీలునామా రాయి. నువ్వున్నన్ని దినాలు నీదే, నువ్వు పోయినాక వానిది' అని. ఆమె ఏమనింది? 'వాడు నా సావుకోసం కాసుకోని కూచ్చోవాల్నా? వాడు బతికేది ఇప్పుడు గదా.' పోనీ భూమి రాసియ్యి, ఇల్లొకటి నీ పేరున పెట్టుకో అంటి. 'భూమి వానిది, గోడలు నావి అంటే బాగుంటాదా రాఘవేంద్రా, రాయి అన్నీ.' రాసినా.

అయితే అబ్బీ, ఆ రోజుల్లోనే ముసిలోళ్ళ కోసం కొత్త చట్టం వచ్చింది. ఆస్తి రాయించుకోని పిల్లోళ్ళు చూడకపోతే ఆ పత్రం రద్దు చేయించుకోవచ్చు, కోర్టు గూడా అక్కర్లేదు, ఆర్డీఓ దగ్గరికి పోతే చాలు. కానీ ఒకటుండాది. చూసుకోవాలనే షరతు మీద ఇచ్చినట్లు ఉండాల. అది నాకు కదిరి లాయరొకాయన చెప్పె. అప్పటినుంచి నేను రాసే ప్రతి దానపత్రంలో ఒక లైను పెడతాంటి. ఎవురూ అడగరు, నేనే పెడతాంటి. అదో గర్వం నాకు. మిగతా రైటర్లకు తెలీదు, నాకు తెలుసు అని. మీ అవ్వ పత్రంలోనూ పెట్టినా.

శుక్రవారం. పదిన్నరకు రాహుకాలం వస్తాది, ఆలోపల సంతకాలు అయిపోవాలని మీ నాయన తొందర. ఆఫీసు ముందర యాపచెట్టు కింద నా బల్ల, సాక్షులు ఇద్దరు, మీ నాయన, మీ యమ్మ, ఇంకా పని మీద వచ్చినోళ్ళు చుట్టూ పదిమంది. పత్రం చదివి ఇనిపించాల గదా, చదువుతాండా. 'దాత జీవితాంతము గ్రహీత ఆమెకు మనోవర్తి ఇచ్చి పోషించవలయును' అని నేను అంటానే ఆమె చెయ్యి ఎత్తె. 'ఆగు. ఏమంటివి?' మళ్ళీ చదివినా. 'మనోవర్తా? నాకా?' అనింది. మొగం ఎట్లయిందంటే, నేనేదో బూతు మాట అన్నట్లు.

నీకు అర్థం కాదు, ఇప్పటి పిల్లోళ్ళకు ఆ మాటే తెలీదు. మా పత్రాల భాషలో మనోవర్తి అంటే పోషణ ఖర్చు, అంతే. అప్పుడు నేను అట్లనే రాస్తాంటి, అందరూ అట్లనే రాస్తాండ్రి. కానీ ఊర్లల్లో మనోవర్తి అంటే ఒకటే, మొగుడు ఇడిసిపెట్టిన ఆడది కోర్టుకు పోయి తెచ్చుకునేది. మీ ఊర్లోనే నల్లమ్మ అని ఉండె, కూలిపని చేసుకునే మనిషి. మొగుడు ఇంకొకామెను తోడుకోని బళ్ళారి పోతే, ఈమె పంతంగా కోర్టుకు పోయి గెలిచె. ఆ దినం నుంచి ఆమెకు పేరు లేదు, మనోవర్తి నల్లమ్మ. పిల్లోళ్ళు గూడా అట్లనే పిలుస్తాండ్రి. మీ అవ్వ గూడా అట్లనే పిలుస్తాండె, కల్లం కాడ కూలీల్ని పిలిచేటప్పుడు, 'మనోవర్తీ, నువ్వు ఈ సాలు పట్టుకో' అని. నగుతాండె. అందరూ నగుతాండ్రి. అట్లాంటి మాటను నేను తీసకపోయి పదిమంది ముందర ఆమె పేరు పక్కన పెట్టినా.

'నా మొగుడు నన్ను ఇడిసిపెట్టలేదు రాఘవేంద్రా. సచ్చేదాకా నన్ను ఒక్క మాట పడనియ్యలేదు. నా కొడుకు నాకు అన్నం పెట్టకుండా పోతాడా? దానికి స్టాంపు పేపరు కావాల్నా? రేప్పొద్దున ఊర్లో మనోవర్తి సుబ్బరత్నమ్మ అంటారు. తీసెయ్ ఆ లైను.' మీ నాయన్ను చూసినా. వాడు తల వంచుకోని కాలి బొటనవేలుతో నేల గీకుతాండాడు. 'మా అమ్మ ఎట్లంటే అట్ల మామా' అన్నాడు. 'ఉండనీ' అని వాడు ఒక్క మాట అనింటే ఆమె ఒప్పుకొనుండు. అనలేదు. సరే, వానిది వానికి. నాదేంది? 'వదినా, ఈ మాట వద్దులే, ఇంకో మాట పెడతా' అని నేను ఎందుకు అనలేదు? అన్నవస్త్రములు ఇచ్చి అని రాయొచ్చు. బాగోగులు చూసి అని రాయొచ్చు. ముసలితనంలో దగ్గరుంచుకొని అని రాయొచ్చు. నలభై ఏండ్లు మాటలు రాసి బతికినోన్ని, నాకు మాటలు లేకనా. మళ్ళీ టైపు కొట్టాల, మళ్ళీ స్టాంపు పేపరు తేవాల, పదీ ఇరవై అయిపాయె, పక్కన వీరేష్ నా మొగమే చూస్తాండాడు. పెన్ను తీసి ఆ లైను మీద గీత కొట్టేసినా. కింద 'ఒక పంక్తి కొట్టివేయబడినది' అని రాసి, దాని పక్కన ఆమెతో సంతకం పెట్టించినా. మూడో తరగతి చదివింది గదా, గుండ్రంగా, శానా సేపు పెట్టె సంతకం. రాహుకాలం లోపలే అయిపాయె పని. మీ నాయన అందరికీ కారాబూందీ, టీ ఇప్పించె.

ఆ లైను అసలు లేకుంటే వేరే సంగతి. రైటరు మరిచినాడు అనుండొచ్చు. ఉండి, కొట్టేసి, కొట్టేసినట్లు సంతకం పెట్టించినా. అంత పద్ధతిగా చేసినా నేను.

ఆ తర్వాత మూడేండ్లు వానలు లేవు, నీకు గుర్తుండదు. మీ నాయన బోర్లు వేసినాడు, ఒకదాని పక్కన ఒకటి, అన్నిట్లోనూ దుమ్మే లేచె. మనిషి మారిపాయె. అది గూడా అర్థం చేసుకోగలను నేను. మీ అవ్వ మంచం లోపలి గదినుంచి పడసాలలోకి వచ్చె, పడసాలనుంచి గొర్ల రొప్పం పక్క వసారాలోకి పాయె. ఆమె ఒకరికి చెప్పలేదు. 'ఆడ గాలి బాగొస్తాది' అనేది. గొర్లు అప్పటికే అమ్మేసుండ్రి, ఖాళీ వసారాలో ఒక్కతే. ఆ యేడు చిలమత్తూర్లో కూతురు ఊరమ్మకు దేవర చేస్తాంటే పాయె, పది దినాలు ఉండి వచ్చె. బస్సు దిగి ఇంటికొస్తే వాకిలి ముందర ఎవురివో బూట్లు, నాలుగు జతలు. లోపల గాలిమరల కంపెనీ మెకానిక్కులు, ఉత్తరాది పిల్లోళ్ళు, చపాతీలు కాలుస్తాండారు. 'కౌన్ హై అమ్మా, ఎవురు కావాలి' అని వచ్చీరాని తెలుగులో. వాళ్ళను ఇంట్లోకి మీ నాయన బాడుగకు దింపి, మిమ్మల్నందర్నీ తోడుకోని కదిరికి పోయినాడు, మీ చదువులకని. ఆమె సామాన్లు వసారాలో వేసి బీగం వేసుండాడు. పాపం ఆ పిల్లోళ్ళు మంచోళ్ళే, కూచ్చోమని నీళ్ళిచ్చినారంట. 'నా ఇంట్లో, నా చెంబుతో, నాకు నీళ్ళిచ్చిరి రాఘవేంద్రా. తాగినా. దప్పికయింటే ఏం చేస్తాం' అని నాతో చెప్పె. ఫోన్ చేస్తే మీ నాయన, 'అక్క దగ్గరనే ఉండు కొన్ని దినాలు, ఈడ రెండు గదులే' అన్నాడంట. అల్లుని ఇంట్లో కూడు తినే మనిషా ఆమె.

యాడికి పోయిందంటావు? నల్లమ్మ ఇంటికి. ఆ నల్లమ్మే ఈమెను బస్సు కాడ చూసి తోడుకపాయె. నల్లమ్మోళ్ళ గేరి అది, ఆ వీధిలోకి మీ కులపోళ్ళు ఒక్కరు కాలు పెట్టినోళ్ళు గాదు. మీ అవ్వ ఆడ రెండేండ్లు ఉండె, నల్లమ్మ చేసిన సంగటి తిని. 'తప్పుగా పిలిస్తినే నిన్ను అన్నేండ్లు' అని మీ అవ్వ అంటే, నల్లమ్మ ఏమనిందో తెలుసా. 'పిలిస్తే పిలిచినావులే రెడ్డెమ్మా. నాకు కోర్టు ఇచ్చె. నీకు ఎవురిస్తారు?' అనింది. ఎగతాళికి గాదు, నిజంగానే అడిగింది. ఆ మాట పట్టుకోనే మీ అవ్వ నా దగ్గరికొచ్చె. ఇట్లనే, నువ్వు కూచ్చున్న కాడనే కూచ్చుని, 'ఏదో చట్టముండాదంటివే. అర్జీ రాయి' అనింది. రాసినా. కానీ రాసేటప్పుడే నాకు తెలుసు అబ్బీ, కొట్టేసిన గీత నా కండ్ల ముందరే ఉండాది.

ఆర్డీఓ అంటే చిన్న వయసు అమ్మాయి, మర్యాదస్తురాలు. లాయర్లు లేకుండా అందర్నీ ఎదురుగ్గా కూచ్చోబెట్టి అడిగె. మీ నాయన పత్రం నకలు ముందర పెట్టి, 'మేడం, షరతేమీ లేదు. ఉండె, మా అమ్మే వద్దని కొట్టేయించింది, సంతకం గూడా పెట్టింది, చూడండి' అన్నాడు. అరవలేదు, గట్టిగా గూడా అనలేదు. నన్ను పిలిచిరి. 'ఈ కొట్టివేత ఎవరు చేసినారు?' నేనే మేడం. 'ఎందుకు చేసినారు?' అనింది. ఆ ప్రశ్న కాడనే అబ్బీ. ఆడ నేను చెప్పాల్సింది ఒకటుండె. 'మేడం, ఆమె వద్దనింది ఆ మాటను, అన్నాన్ని గాదు. మనోవర్తి అనే మాట తప్పు, ఆ మాట పెట్టింది నేను, ఆమెకు కావాల్సింది తీసేసింది నేను' అని. రెండు ముక్కలు. నోటిదాకా వచ్చె. ఎదురుగ్గా గుమస్తాలు, మా ఆఫీసోళ్ళు, మీ నాయన. రాఘవేంద్రప్ప పత్రం తప్పు రాసినాడంట అని రేప్పొద్దున మాట పుడితే నా బల్ల కాడికి ఎవురొస్తారు? 'ఆమె చెప్పింది మేడం, నేను కొట్టేసినా' అంటి. అబద్దం గాదు గదా. ఒక్క అక్షరం అబద్దం లేదు. మీ అవ్వ నా దిక్కు చూసి, మళ్ళీ కిందికి చూసుకునె. తిట్టింటే బాగుండు.

ఆ అమ్మాయి శానా సేపు పేపర్లు తిప్పె. 'అమ్మా, షరతు లేదు కాబట్టి ఇల్లు, భూమి మీకు తిరిగి ఇప్పించలేను. మీ కొడుకు మీకు నెలనెలా ఖర్చులకు ఇచ్చేటట్లు ఆర్డరు వేస్తా' అనింది. పక్కనున్న గుమస్తా, ముసిలామెకు అర్థం కాలేదేమోనని, పెద్ద గొంతు చేసి, 'మనోవర్తి అవ్వా, నెల నెలా మనోవర్తి వస్తాది నీకు' అన్నాడు. మంచికే చెప్పినాడు వాడు. మీ అవ్వ లేసి నిలబడె. 'నాకు నా ఇల్లు కావాల. అది వద్దు' అని బయటికి వచ్చేసె. ఆర్డరు వచ్చింది, ఆ డబ్బు తీసుకోడానికి పోలేదు. నేను రెండుసార్లు చెప్పినా, నల్లమ్మ పదిసార్లు చెప్పె. పోలేదు. పంతమా, పిచ్చా, ఏమన్నా అనుకో. కానీ ఊర్లో మాత్రం అనాల్సింది అన్నారు. మనోవర్తి సుబ్బరత్నమ్మ. తీసుకోకపోయినా అన్నారు.

ఇప్పుడు చెప్పు. మీ నాయన ఈ లైను తీసెయ్యమంటాండాడు. నీకు లోను కావాల. నేను 'కొట్టెయ్ వీరేషూ' అని ఒక్క మాట ఫోన్లో అంటే అయిపోతాది. నాకు ఆశ లేదనుకుంటాండావా? పొద్దున వీరేష్ మీ నాయన పేరు చెప్తానే నాకు మొదట వచ్చిన ఆలోచన అదే. కొట్టేస్తా, వానికీ తెలిసొస్తాది రొప్పం పక్క గాలి ఎట్లుంటాదో అని. మద్యాన్నం అన్నం తింటాంటే గూడా అదే ఆలోచన, సంతోషంగా ఉండె. అట్లాంటి ముసిలోన్నయినా నేను. కానీ కొట్టెయ్యను. మీ నాయన మీద ప్రేమ గాదు, నీ మీద అనుమానం గాదు. నువ్వు చూస్తావేమో, చూడవేమో, నాకేం తెలుసు, మీ నాయన గూడా చూస్తాడనే అనుకుంటిమి. ఒకసారి కొట్టేసినా. ఇంక నా చేత గాదు. బ్యాంకోనికి ఇంకో జామీను చూసుకో, లేకుంటే ఇంకో రైటరు దగ్గరికి పో, శానామంది ఉండారు. వీరేష్ కొట్టడు, వానికి చెప్పి పెట్టినా.

ఏమంటాండావు? చివర్లో మీ అవ్వ మీ నాయన గురించి ఏమన్నా అనిందా అనా. అడగకుండా ఉంటే బాగుండు నువ్వు.

ఆఖరి ఎండాకాలం ఒకసారి నల్లమ్మను ఊతం పట్టుకోని వచ్చె. కాళ్ళు వాచిపోయుండె. 'రాఘవేంద్రా, ఒక పత్రం రాయాల' అనింది. ఇంకేం మిగిలిందని రాస్తావు వదినా అంటి. 'ఉండాది ఒకటి. నీ మాటలు వద్దు, నేను చెప్పినట్లే రాయి, ఒక్క మాట మార్చొద్దు.' తెల్ల కాగితం మీద రాసినా. నా జన్మలో నేను ఇట్ల ఇంటి మాటల్లో రాసిన పత్రం అదొకటే. 'నేను సచ్చినాక నా కొడుకు చంద్రమోహన్ నాకు కొరివి పెట్టగూడదు. నా కూతురు పెట్టనీ, లేకుంటే ఈ ఊర్లో ఎవురన్నా పెట్టనీ. వాడు మాత్రం వద్దు. వాని చెయ్యి నా మీద పడగూడదు.' అంతే. సంతకం పెట్టె. నేను చెప్పినా, 'వదినా, ఇది చట్టంలో నిలబడదు' అని. 'నిలబడకపోతే నువ్వు నిలబడు' అనింది. మడిచి నా చేతిలో పెట్టి పాయె.

ఆషాడంలో నల్లమ్మ ఇంట్లోనే పోయినాది. మీ నాయన కారేసుకోని వచ్చినాడు. గాలిమరల పిల్లోళ్ళను బయటికి పంపించి, ఇల్లు కడిగించి, ఆమెను ఆ ఇంట్లోకే తెచ్చి పండబెట్టినాడు. రోడ్డు మీద ఫ్లెక్సీ, దాంట్లో మీ నాయన దండం పెట్టుకోని, 'మా మాతృమూర్తికి కన్నీటి నివాళి'. పూలు, తప్పెట్లు, ఊరూరంతా వచ్చినాది. నల్లమ్మ మాత్రం ఇంటి బయటనే, కాలవ అవతల నిలబడుకోనుండె. నేను పొద్దున్నే కాగితం జేబులో పెట్టుకోనే పోయినా. పెద్దమనుషులు ఉండారు, మీ కులపోళ్ళు ఉండారు, వనజాక్షి ఏడుస్తాండాది. ఇప్పుడు తీద్దాం, శ్మశానం కాడ తీద్దాం, కట్టెలు పేర్చినాక తీద్దాం అనుకుంటానే చితి దాకా పోయినా. మీ నాయన భుజాన కుండ పెట్టుకోని తిరుగుతాండాడు, నీళ్ళు కారుతాండాయి. వాని మొగం చూస్తే నిజంగానే ఏడుస్తాండాడు. సావుకాడ గలాటా చేసినాడు రాఘవేంద్రప్ప అంటారే అనుకున్నా. చెయ్యి జేబులోనే ఉండె. మూడు చుట్లు తిరిగినాడు. నిలబడమనింది గదా, నిలబడినా. వాడు కొరివి పెట్టి వెనక్కి చూడకుండా పోయేదాకా, నిలబడే ఉన్నా.

ఆ కాగితం ఇప్పుడు యాడుండాదనా. ఏమోనప్పా. లే ఇంక, వీరేష్ ఆరు గంటలకు అంగడి మూస్తాడు. పోయేటప్పుడు వాకిలి దగ్గరికెయ్యి, కుక్కలొస్తాండాయి లోపలికి.